ఒకే కాలు, రెండు నడకలు

వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపులో డాక్టరు "నడువమ్మా" అనగానే మా వదిన కూతురి చెవిలో అంది: "కాస్త ఎక్కువ కుంటు." ఆ పిల్లకి పుట్టుకతోనే ఎడమ కాలు పొట్టి. వైకల్యం 40 శాతం వేస్తేనే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కు అర్హత. రెండేళ్ల తర్వాత ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే అదే తల్లి గుమ్మంలో నిలబడి అంది: "మెల్లగా నడువు తల్లీ, తెలియకుండా."

ఆ తల్లి చెప్పింది అబద్ధమా? నాకు అలా తోచలేదు. ఒక గుమ్మంలో లోపం చాల్లేదంటారేమోనని, ఇంకో గుమ్మంలో ఎక్కువైందంటారేమోనని ఆమె భయం. కాలు మాత్రం అదే. మరి మనం కొలుస్తున్నది దేన్ని?

ఇరా సింఘాల్ 2010 సివిల్స్ పరీక్ష పాసై రెవెన్యూ సర్వీసుకు అర్హత సాధించారు. వెన్నెముక వంకర ఉంది కాబట్టి నెట్టలేరు, లాగలేరు, ఎత్తలేరు అని పోస్టింగ్ ఇవ్వలేదు. పన్నులు చూసే అధికారి ఏ బరువు ఎత్తాలి? ఈ మాట అడగడానికి ఆమె కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్ (క్యాట్‌) దాకా వెళ్లాల్సి వచ్చింది. 2014లో గెలిచారు. 2014 సివిల్స్ పరీక్షలో దేశంలోనే మొదటి ర్యాంకు ఆమెది.

బస్సు నడిపేవాడి చూపు గురించి అడగొద్దా అంటే, తప్పకుండా అడగాలి. ప్రయాణికుల ప్రాణాలు దాని మీద ఉన్నాయి. కానీ "ఈ పని చేయగలవా, చేయడానికి నీకేం కావాలి" అనడం వేరు, "నీకేం జబ్బు" అనడం వేరు. రెండోదానికి జవాబు విన్నాక ఆ మనిషి చదువునూ అనుభవాన్నీ చూసే చూపే మారిపోతుంది. అందుకే బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో, కొన్ని మినహాయింపులతో, ఉద్యోగం ఇస్తామని చెప్పేదాకా ఆరోగ్యం ఊసెత్తొద్దని నియమం పెట్టుకుంది. మన దగ్గరా 2017 చట్టం ఉద్యోగమివ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదంది. ఒక్క జబ్బు విషయంలో మనకు తెలిసొచ్చిన న్యాయం మిగతావాటికి ఎందుకు చేరలేదు?

అసలు నిజం చెప్పమని ఒకవైపు వాళ్లనే ఎందుకు అడుగుతాం? మీ ఆఫీసుకు ర్యాంప్ ఉందా, లిఫ్ట్ పాడైతే ఎన్నాళ్లకు బాగుచేయిస్తారు అని అభ్యర్థి అడిగే గడి దరఖాస్తులో ఉండదు. ఉద్యోగం కావలసినవాడు ఒళ్లు విప్పి చూపాలి. ఇచ్చేవాడు తన మెట్లు ఎన్నో కూడా చెప్పనక్కర్లేదు.

మొన్న మా వదిన కూతురు మరో దరఖాస్తు నింపుతూ ఆగిపోయింది. "వైకల్యం గానీ దీర్ఘకాలిక వ్యాధి గానీ ఉందా?" అవును, కాదు. ఆ గడి మొదటి పేజీలోనే ఉంది. ఎమ్మెస్సీ మార్కులు, ల్యాబ్‌లో చేసిన రెండేళ్ల పని ఆ తర్వాతి పేజీలో.

"బాబాయ్, ఇక్కడ అవును అని పెడితే రెండో పేజీ తిప్పుతారా?"