తెలియదనుట చాలునా?



తెలియక చేసిన దానికి మనుష్యుడు ఎంతవరకు బాధ్యుడు? ఇది పండితుల ప్రశ్నయే గాని మనవంటి పల్లెవారిది కాదని కొందరు తలంచవచ్చును. అయితే అది ఒక రాత్రి ప్రొద్దుటూరు త్రోవలో మాకే ఎదురుపడినది గనుక మీ యెదుట ఉంచుచున్నాము.

మా యొద్ద పండ్రెండేండ్ల నాటి కారొకటి కలదు. గడచిన చలికాలములో జమ్మలమడుగులో ప్రార్థన కూటము ముగించుకొని, రాత్రి తొమ్మిది గంటల వేళ ప్రొద్దుటూరునకు తిరిగి వచ్చుచుంటిమి. మేము వేగముగా పోవుట లేదు. అయినను నలువది ఏబది అడుగుల దగ్గరకు వచ్చువరకు, గొఱ్ఱెలను దాటించుచున్న ఒక కాపరి మాకు కనబడలేదు. బ్రేకు త్రొక్కి బండిని ప్రక్కకు త్రిప్పితిమి. దేవుని దయవలన ఆయనకు గాని జీవాలకు గాని దెబ్బ తగలలేదు. బండి దిగి, "పెద్దాయనా, చూసుకొని దాటరాదా?" అని కోపముగా అడిగితిమి. ఆయన వణకుచునే, "మీ లైటు మినుకు మినుకుమంటాంటే, యాడో దూరంగా వస్తాందిలే అనుకుంటి నాయనా" అనెను.

ఆ మాట ఇంటివరకు మమ్మును వెంబడించెను. దీపము మనము చూచుటకే అని అంతవరకు అనుకొంటిమి. ఎదుటివాడు మనలను చూచి, మనమెంత దూరమున ఉన్నామో తెలిసికొనుటకును అదే ఆధారము. మసక దీపము దగ్గర ఉండియు దూరమున ఉన్నట్లు కనబడి, నమ్మినవానిని మోసపుచ్చును.

తెల్లవారినపుడు చూడగా, కారు ముందు దీపముల కప్పులు పొగచూరిన లాంతరు చిమ్నీవలె పచ్చబడియున్నవి. పూర్వపు అంబాసిడరు కార్లకు గాజు కప్పులుండెడివి. అవి ఈ విధముగా పచ్చబడవు. ఇప్పటి కప్పులు పాలీకార్బొనేటు అను ప్లాస్టిక్కుతో చేయబడినవి. దానిని 1953లో జర్మనీలోను అమెరికాలోను వేర్వేరుగా కనిపెట్టిరి. అది తేలిక, రాయి తగిలినను సులభముగా పగులదు. కాని సూర్యరశ్మిలోని కంటికి కనబడని అతినీల కిరణములు దానిని చెరుపును. అందుచేత పైన ఒక రక్షణ పూత పూయుదురు. మన కడప జిల్లా ఎండలలో నిలిచి ఆ పూత అరిగిన తరువాత, లోపలి ప్లాస్టిక్కు పచ్చబడి మసకబారును. 2018లో అమెరికా వాహనదారుల సంఘమువారు పరీక్షింపగా, అట్టి దీపములు క్రొత్తవాటి వెలుగులో సుమారు అయిదవ వంతు మాత్రమే ఇచ్చుచున్నట్లు తేలినది.

ఇంత తగ్గినను మాకేల తెలియలేదు? మా తల్లులు ప్రతి సాయంకాలము లాంతరు చిమ్నీని బూడిదతో తుడిచెడివారు. మసి దినదినము పట్టును గనుక దినదినము కనబడును. ఈ పసుపైతే ఏండ్లు పట్టి, నిన్నటికి నేటికి భేదము లేకుండ వచ్చినది. మేము మొదట మా కండ్లను అనుమానించి కండ్లద్దములు మార్చుకొంటిమి. తరువాత పులివెందుల త్రోవలో ఎదురైన అరటికాయల లారీల వెలుగును నిందించితిమి. మా దీపమును మాత్రము అనుమానింపలేదు.

అట్లయిన మేము నిర్దోషులమా? అట్లే వాదించుకొనుచుండగా ఒక మాట జ్ఞప్తికి వచ్చెను. ఆరు నెలల క్రిందట పులివెందులలో మా మేనల్లుడు, "మామా, నీ లైట్లు పచ్చగా అయిపోయినాయి, రాత్రిపూట బండి తీయొద్దు" అని చెప్పియుండెను. మేము నవ్వి, చూతములే అంటిమి.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి మన రైతులందరికి తెలిసినదే. ఎద్దు మొదటిసారి పొడిచినయెడల యజమానునికి దోషము లేదు. దాని గుణము ముందే తెలియజేయబడియు దానిని కట్టివేయనివాడైతే అతడు దోషి. తెలియనివానికిని, తెలియజెప్పబడినవానికిని అంత భేదము కలదు. మేము మొదటివారమనుకొంటిమి గాని రెండవవారమే. లేవీయకాండము 4వ అధ్యాయము మరియొక సంగతి నేర్పుచున్నది: పొరబాటున చేసిన పాపమైనను, అది తెలియవచ్చిన తరువాత ఊరకుండుటకు వీలులేదు.

ఎవరికిని దెబ్బ తగలలేదు గదా, దోషమెక్కడిది అని అడుగుదురేమో. ఆ కాపరి బ్రదికినది మా జాగ్రత్తవలన కాదు. ఆయన ఒక్క అడుగు ముందుకు వేసియున్నను మా అశ్రద్ధ అంతే. ఫలితము మాత్రము వేరు. తప్పించుకొన్నందుకు కృతజ్ఞులమై యుండవలెను గాని, తప్పు లేదనుకొనరాదు.

ఇక బాగుచేసిన విధము. మొదట ఎవరో చెప్పగా టూత్‌పేస్టుతో రుద్దితిమి. తళతళలాడెను, నెలన్నరలో మరల పచ్చబడెను. పై మురికి పోయినది గాని, ఎండకు అడ్డుపడు పూత లేదు. రెండవసారి సరిగా చేసితిమి. కప్పులను సబ్బునీటితో కడిగి, చుట్టునున్న రంగుకు గీతలు పడకుండ టేపు అంటించితిమి. మెకానిక్కులు వాటరు పేపరనెడి ఉప్పుకాగితమును నీటిలో తడిపి, మొదట 800, తరువాత 1500, 2000, 3000 నంబర్లతో క్రమముగా రుద్దితిమి. మొదటి కాగితముతో రుద్దినపుడు కప్పు మునుపటికంటె తెల్లగా మసకబారెను. చెడగొట్టితిమని భయపడితిమి. అక్కడ ఆపినవారు నిజముగా చెడగొట్టినవారే. సన్న కాగితము వచ్చుకొలది అది తేటపడును. పిమ్మట పాలిష్ పట్టించి, శుభ్రముగా తుడిచి ఆరబెట్టి, నీడలో అతినీల కిరణములను ఆపు క్లియర్ కోటు పూసితిమి. లోపలి వైపు మసకబారినను, కప్పు పగిలినను ఇది పనిచేయదు, మార్చవలసినదే. ఎంత చేసినను పూర్తిగా క్రొత్తవి కావు. పైన చెప్పిన పరీక్షలో బాగుచేసిన దీపములు సుమారు 70 శాతము వెలుగునే తిరిగి ఇచ్చినవి. కాబట్టి అప్పుడప్పుడు చూచుకొనుచుండవలెను.

పని ముగిసిన వారము ఒక సాయంకాలము ఆ చోటికే పోయి, ఆ పెద్దాయనను వెదకి కనుగొని, మొదట మా కోపమునకు క్షమాపణ వేడుకొంటిమి. తరువాత చీకటి పడినపుడు ఆయనను రోడ్డు అంచున దూరముగా నిలువుమని, దీపములు వేసి అడిగితిమి. ఆయన చేయి అడ్డము పెట్టుకొని చూచి, "ఇప్పుడు దగ్గరుండేది దగ్గరున్నట్టే కనపడ్తాంది నాయనా" అనెను. మా దీపమును గూర్చి మా మాటకంటె ఆయన మాటయే నమ్మదగినదని తోచినది.

సహోదరులారా, సహోదరీలారా, మనకెవరో చెప్పగా నవ్వి వాయిదా వేసిన మాట మీకును ఒకటి ఉండవచ్చును. అది భార్య చెప్పినదో, బిడ్డ చెప్పినదో, పొరుగువాడు చెప్పినదో. ఈ నెలలో దానిని జ్ఞాపకము చేసికొని, ఎవరికైనను దెబ్బ తగలకముందే సరిచేసికొందము.