జయము ఎవ్వరిది?

లోకమున జయమును కోరనివాడు అరుదు. విద్యార్థి పరీక్షయందు, క్రీడాకారుడు మైదానమునందు, ఉద్యోగి తన కార్యాలయమునందు గెలుపునే కోరుచున్నాడు. పలువురు కలసి గెలువవలెనన్న ఎట్టి మనస్సు ఉండవలెనో నేర్పుటకు నేడు పెద్ద సంస్థలు ప్రత్యేకశిక్షణలను కూడ ఇప్పించుచున్నవి. ఇది చూచి కొందరు భక్తులకు ఒక సందేహము కలుగుచున్నది. జయాపజయములను సమముగా చూడుమని గీతాచార్యుడు ఉపదేశించెను గదా! అట్టియెడ గెలుపుకొరకు పాటుపడుట వైష్ణవునకు తగునా? తగినచో, పదిమంది కలసి సాధించిన జయము ఎవ్వరిది?

మొదటి ప్రశ్నకు సమాధానము ఆ ఉపదేశము జరిగిన చోటనే ఉన్నది. అది విల్లు చేతబట్టి విజృంభించువానికి చెప్పినది కాదు. విల్లు జారవిడిచి కూలబడినవానికి చెప్పినది. సమత్వము ఫలవిషయమున కావలసినదే గాని ప్రయత్నవిషయమున కాదు. ఫలమునందు సమబుద్ధి కలవానికి ఓటమిభయము ఉండదు. భయము లేనివాని చేయి వణకదు. కావున గీతోక్తమైన సమత్వము ప్రయత్నమునకు శత్రువు కాదు, బలము.

ఇక రెండవ ప్రశ్న. కురుక్షేత్రమున కౌరవుల పక్షమున పదునొకండు అక్షౌహిణులు, పాండవుల పక్షమున ఏడే. మహారథుల సంఖ్యయందును కౌరవులకు కొరత లేదు. అయినను వారి సేన ఒక్క సేన కాలేకపోయెను. భీష్ముడు తన్ను అర్ధరథుడని గణించుటచే కినిసి, ఆయన పడువరకు ఆయుధము పట్టనని కర్ణుడు శపథము చేసెను. పది దినములు అంతటి వీరుడు శిబిరమున ఊరక ఉండెను. తుదకు అతడు సేనాపతి అయినప్పుడు సారథ్యము వహించిన శల్యుడు తన రథికుని మనస్సునే మాటలతో క్రుంగదీసెను. వారి ఓటమికి మూలకారణము అధర్మమే. ఆ అధర్మము సేనలో ప్రవేశించిన ద్వారము మాత్రము పరస్పరవైమనస్యము.

పాండవుల వైపు చూడుడు. అర్జునుడు, భీముడు ఉండగా సేనాపత్యము ధృష్టద్యుమ్నునకు లభించెను. పదునెనిమిది దినములును ఆ పదవికొరకు ఎవరును అలుగలేదు. సర్వలోకప్రభువైన శ్రీకృష్ణుడు రథముపై ఏ స్థానమును గ్రహించెను? పగ్గములు పట్టు స్థానమును. సైంధవవధ జరిగిన దినమున యుద్ధమధ్యమునందే గుఱ్ఱములను విప్పి, వాటి గాయములను తుడిచి, నీరు త్రాగించి సేదదీర్చెను. కార్యమునకు అవసరమైనప్పుడు తక్కువ పని అనునది లేదని పార్థసారథి స్వయముగా ఆచరించి చూపెను.

ఒకరి బలము మరియొకరికి ఎట్లు దక్కునో తెలియవలెనన్న కిష్కింధాకాండ చివరకు పోవలెను. సీతాన్వేషణమునకు వెడలిన వానరులు సముద్రతీరమున నిరాశతో కూర్చుండిరి. ఒకడు పది యోజనములు దూకగలనని, మరియొకడు ఇరువది యోజనములు దూకగలనని, ఎవరి శక్తి ఎంతయో దాచక చెప్పిరి. వృద్ధుడైన జాంబవంతుడు తొంబదికి మించి దూకలేనని ఒప్పుకొనెను. అంగదుడు నూరు యోజనములు పోగలనుగాని తిరిగి వచ్చుట సందేహమనెను. నాయకుని కాపాడుకొనవలెనని జాంబవంతుడు అతనిని వారించి, ఒకప్రక్కన మౌనముగా కూర్చున్న హనుమంతుని వైపు తిరిగి అతని బలమును అతనికి గుర్తుచేసెను. దూకినవాడు ఒక్కడే. కాని జాంబవంతుని మాట లేనిచో ఆ దూకుట లేదు. కార్యము సాధించి వచ్చిన పిమ్మట మధువనమున తేనె త్రాగినది హనుమంతుడొక్కడే కాదు. దూకలేనివారును ఆ ఆనందమున పాలుపంచుకొనిరి. వారి మధ్య లెక్కలు లేవు.

ఇది పురాణకాలమునకే చెల్లునని తలపరాదు. 1983 జూన్ 18న ప్రపంచకప్పు క్రికెట్ పోటీలో జింబాబ్వేపై మన జట్టు 17 పరుగులకే 5 వికెట్లు కోల్పోయెను. కపిల్ దేవ్ 175 పరుగులు చేసి జట్టును నిలబెట్టిన సంగతి అందరికిని తెలియును. తొమ్మిదవ వికెట్టుకు 126 పరుగులు చేరువరకు అవతలి కొసను కాచిన కిర్మాణీ చేసినవి 24 మాత్రమే. ఆ 24 లేనిచో ఆ 175 లేదు. వారమునకు, జూన్ 25న, ఆ జట్టే ప్రపంచకప్పును గెలిచెను.

మన శ్రీహరికోటనుండి 1979 ఆగస్టు 10న ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతమున కూలెను. నిర్మాణబాధ్యత అబ్దుల్ కలాముగారిది. అయినను సంస్థాధ్యక్షులైన సతీష్ ధావన్ గారు పత్రికలవారి యెదుట తామే నిలిచి, వైఫల్యమును తమపై వేసికొనిరి. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహము కక్ష్యను చేరినప్పుడు మాత్రము పత్రికలవారితో మాటలాడుటకు కలాముగారినే పంపిరి. అపజయమును తాను మోసి జయమును ఇతరులకిచ్చువాడే నాయకుడు. అట్టి నాయకుని క్రింద పనిచేయువారు భయముచే కాక ప్రేమచే పాటుపడుదురు.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. ఫలము అందరిదైనచో సోమరి లాభపడడా? లోకప్రసిద్ధమైన ఉడుత కథ వాల్మీకమున లేకున్నను దీనికి సమాధానము చెప్పుచున్నది. ఉడుత శక్తి స్వల్పము, కాని ఉన్నదంతయు ఇచ్చినది. కర్ణుని శక్తి అపారము, కాని పది దినములు దాచుకొనెను. తక్కువ శక్తి కలవాడు సంఘమునకు భారము కాడు; ఉన్న శక్తిని దాచుకొనువాడే భారము. ప్రబంధగోష్ఠిలో ఒకరు ఊపిరి తీసికొనునప్పుడు తక్కినవారి కంఠములు ధారను నిలుపును. పెదవులు మాత్రము కదపువాడు ఇతరులను వంచించుచున్నాడు, తానును కైంకర్యమును కోల్పోవుచున్నాడు.

అయితే ఐకమత్యమే పరమధర్మమా? కాదు. లంకలోను ఐకమత్యము కలదు. రావణుడు చేసినది తప్పని ఎఱిగియు కుంభకర్ణుడు అన్నకొరకు పోరి మడిసెను. విభీషణుడు హితము చెప్పెను. వినకపోగా, తనవారినే విడిచి శ్రీరాముని శరణుజొచ్చెను. మనవారు గెలువవలెనను కోరిక మనవారి తప్పును కప్పిపుచ్చు స్థితికి వచ్చినప్పుడు అది సంఘధర్మము కాదు, రావణపక్షపాతము. కార్యాలయమున దొంగలెక్క వ్రాయుమని, ఆటలో మోసము చేయుమని తోటివారు బలవంతపెట్టినపుడు మన బిడ్డలు విభీషణుని తలచుకొనవలెను. అతడు మొదట చెప్పెను, పిదపనే విడిచెను. ఆ క్రమమును కూడ గుర్తుంచుకొనవలెను.

శ్రీరామానుజసిద్ధాంతమున సాత్త్వికత్యాగము మూడు విధములు. నేనే చేసితినను కర్తృత్వమును, ఇది నాదియను మమతను, ఈ ఫలము నాకేయను ఆశను విడుచుట. ఈ మూడును విడుచువారు పదిమంది ఒకచోట కూడినచో వారి మధ్య కలహమునకు తావేది? జయము వచ్చినచో స్వామిది. అపజయము వచ్చినచో మరల చేయవలసిన కైంకర్యము. బ్రహ్మోత్సవమున గరుడవాహనము కదలునప్పుడు ఏ భుజముపై ఎంత బరువున్నదో చూచువారికి తెలియదు. ఒక్క అడుగు తప్పినచో మాత్రము వాహనమంతయు ఒరగును. మోయువారు ఎందరైనను వీథిలోని భక్తులు చేతులు జోడించునది పైనున్న స్వామికే. ఆ సంగతి ఎఱిగి మోయువారికి బరువు తెలియదు.