అయిదవ హేతువును నిందించుటకు ముందు

ఏ కార్యమైనను ఒక్క కారణముచే సిద్ధింపదు. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున శ్రీకృష్ణ భగవానుడు సర్వకర్మలకును అయిదు హేతువులను ఉపదేశించెను. అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు అను నాలుగింటిని చెప్పి, అయిదవదిగా దైవమును పేర్కొనెను. భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున అధిష్ఠానమనగా శరీరమనియు, కర్త జీవాత్మయనియు, కరణములు మనస్సుతో కూడిన కర్మేంద్రియములనియు, చేష్టలు ప్రాణవాయువు యొక్క పంచవిధ వ్యాపారములనియు, దైవమనగా అంతర్యామియైన పరమాత్మయే యనియు వివరించిరి. కార్యసిద్ధికి ప్రధానహేతువు ఆ అయిదవదియే.

ఈ సిద్ధాంతమును వినుట సులభము. ఆచరణలో మాత్రము లోకుల పద్ధతి వింతగా నుండును. కార్యము ఫలించినపుడు రెండవ హేతువును, అనగా తమ్ము తాము, పొగడుకొందురు. విఫలమైనచో ఒక్క ఉరుకున అయిదవదానిపై నింద మోపుదురు. నడుమనున్నవాటిని విచారించువారు అరుదు. ఈ కాలమున గృహస్థులకు పరిచితమైన ఒక దృష్టాంతముచే దీనిని గ్రహింపవచ్చును.

ఒక కుటుంబమువారు దివ్యదేశయాత్రకు సంకల్పించినారనుకొనుడు. తెల్లవారుజామున చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి, అందరును కారెక్కిరి. తాళపుచెవి త్రిప్పగా ఇంజను మేల్కొనలేదు. వెంటనే ఇంటి పెద్ద, "బయలుదేరునపుడు ఎదురు వచ్చినదెవరు?" అని గద్దించెను. గడపలో నిలిచియున్న మేనత్త, భర్తను పోగొట్టుకొన్న వృద్ధురాలు, తలవంచుకొని లోనికి పోయెను. వేరొకరు, "స్వామికే మన రాక ఇష్టము లేదేమో" అనిరి. ఇట్టి మాటలు ఎన్ని యిండ్లలో వినబడుటలేదు?

ఇచ్చట హేతువులను క్రమముగా పరిశీలింపవలెను. పెట్రోలు ఇంజను నడచుటకు ముఖ్యముగా మూడు వ్యాపారములు జరుగవలెను. స్టార్టరు మోటారు దానిని త్రిప్పవలెను. పెట్రోలును గాలియు తగిన పాళ్లలో లోనికి చేరవలెను. స్పార్కు ప్లగ్గు సరియైన క్షణమున నిప్పురవ్వ నీయవలెను. డీజిలు ఇంజనునకు నిప్పురవ్వతో పనిలేదు; గట్టిగా నొక్కబడిన గాలి వేడిమికే డీజిలు మండును. ఇవి చేష్టలు. వీటిలో ఏది లోపించినదో తెలియక చికిత్స చేయుట, నాడి చూడక మందిచ్చుట వంటిది.

మొట్టమొదట కర్త తన్ను తాను పరీక్షించుకొనవలెను. ట్యాంకులో పెట్రోలు ఉన్నదా? గేరు న్యూట్రలులో ఉన్నదా? ఆటోమేటిక్ కారులో గేరు పార్కు స్థానమున గాని, న్యూట్రలున గాని లేనిచో స్టార్టరు తిరుగదు. కొన్ని కార్లలో క్లచ్చినిగాని బ్రేకునుగాని పూర్తిగా నొక్కినగాని పని జరుగదు. ఇటీవలి కార్లు తాళపుచెవిలోని చిప్పును గుర్తింపనిచో ఇంజనును నడువనీయవు. అట్టి సమయమున మీటర్ల పలకపై ఒక చిన్న దీపము హెచ్చరించుచుండును.

పిమ్మట చెవియొగ్గి వినవలెను. ఏ శబ్దమును లేక, దీపములును వెలుగనిచో బ్యాటరీ పూర్తిగా క్షీణించియుండును, లేదా దాని తీగ వదులైయుండును. 'టకటక'మని వరుసగా శబ్దము వచ్చి, దీపములు మసకబారినచో సాధారణముగా బ్యాటరీలో బలము చాలలేదని గ్రహింపవలెను. దీపములు కాంతివంతముగ నుండగా ఒక్కసారి మాత్రము 'ఠక్'మనినచో స్టార్టరునో, దాని తీగలనో అనుమానింపవలెను. ఇంజను చురుకుగా తిరుగుచునే అందుకొననిచో బ్యాటరీయు స్టార్టరును నిర్దోషులు. దోషము ఇంధనమునందో నిప్పురవ్వయందో ఉండును. అట్టియెడ పదేపదే తాళము త్రిప్పి ఉన్న బలమును హరింపరాదు. పది సెకండ్లకు మించి త్రిప్పక, నడుమ కొంత విరామ మీయవలెను.

కార్ల బ్యాటరీ సాధారణముగా 12 వోల్టులది. నిండుగా ఉన్నది విశ్రాంతి స్థితిలో సుమారు 12.6 వోల్టులు చూపును. 12.2 చూపినచో బలము సగమునకు దిగినట్లు. కొన్నిచోట్ల బ్యాటరీ నిండుగానున్నను, టెర్మినళ్లపై పేరుకొన్న తెల్లని, పచ్చని పొడి అడ్డుపడుటచే ఆ బలము స్టార్టరునకు చేరదు. దానిని తుడిచి, తీగను బిగించినంతనే కారు కదలుట పలువురు ఎరిగినదే.

పై కుటుంబమువారి కారు 'టకటక'మనెను. పొరుగింటి యువకుడు వచ్చి చూడగా ముందు వెనుకల పార్కింగు దీపములు మసకగా వెలుగుచునే యుండెను. మునుపటి సాయంకాలము సామాను సర్దుచు ఇంటి పెద్దయే వాటిని వేసి, ఆర్పుట మరచెను. పాతబడిన బ్యాటరీ రాత్రి తెల్లవార్లు వాటికి బలమిచ్చి అలసిపోయినది. దోషము రెండవ హేతువుది. శిక్ష మాత్రము గడపలో నిలిచిన వృద్ధురాలికి పడినది. యువకుడు తన కారు బ్యాటరీనుండి కేబుళ్లు తగిలించి ఆ ఇంజనును మేల్కొలిపెను. బ్యాటరీకి అరువు బలము చేరుటకు కొన్ని నిమిషములు చాలినవి. ఆ మేనత్త మనస్సునుండి ఆ మాట తొలగుటకు ఎన్నాళ్లు పట్టును?

ఈ విషయమున వైష్ణవ గృహస్థులు మిక్కిలి జాగరూకులై యుండవలెను. పిళ్లై లోకాచార్యులు శ్రీవచనభూషణమున అపచారములను వర్గీకరించుచు, భగవదపచారము కంటెను భాగవతాపచారము క్రూరతరమని నిర్ణయించిరి. నిత్యము తులసికోటకు నీరుపోసి, నామస్మరణతో కాలము గడపు వృద్ధురాలు భాగవతురాలు కాదా? ఆమెను అపశకునమని తలచి, ఆమె హృదయమున వెలసిన స్వామిని సేవించుటకు వేరొక ఊరికి పోవువారి యాత్ర ఎట్టిది? బయలుదేరుటకు ముందు ఆమెను క్షమాపణ కోరి, వెంట రమ్మని ప్రార్థించుట ఆ ఇంటి పెద్దకు విధి.

"అట్లయినచో కొబ్బరికాయ కొట్టుట, ప్రార్థించుట వ్యర్థమా?" అని కొందరడుగవచ్చును. వ్యర్థము కాదు. అయిదవ హేతువైన పరమాత్మ మిగిలిన నాలుగింటిని విడిచి వేరొకచోట కూర్చుండువాడు కాడు. వినుటకు చెవిని, విచారించుటకు బుద్ధిని, సాయమునకు పొరుగువానిని ఇచ్చినవాడు ఆయనయే. వాటిని వినియోగింపక 'స్వామికి ఇష్టము లేదు' అనుట, తన మరపును ఆయన సంకల్పముగా ప్రకటించుట యగును. శక్తికొలది విచారించి, చేయవలసినది చేసి, అప్పటికిని కార్యము కానిచో ఆయన యిచ్ఛకు తలవంచుట భక్తి. విచారింపకయే తలవంచుట సోమరితనము.

సాధనలోను ఇదియే క్రమము. జపము సాగుటలేదని, కోవెలలో నిలిచినను మనస్సు నిలుచుటలేదని పలువురు దుఃఖింతురు. స్వామి కృప తగ్గినదని కొందరు భ్రమింతురు. కృప ఎన్నడును క్షీణించునది కాదు; ఈ అంశమున బ్యాటరీ దానికి ఉపమానము కానేరదు. టెర్మినలుపై పొడివలె అహంకార మమకారములు పేరుకొన్నవా, నిన్న ఎవరినైన నొప్పించినామా, నిద్రాహారములు అదుపులో నున్నవా అని ఒక్కొక్కటిగా చూచుకొనవలెను. అర్థపంచకమున విరోధిస్వరూపమును కూడ తెలిసికొనవలెనని పూర్వాచార్యులు విధించుట ఇందులకే.

కావున యాత్రకు ముందునాడే దీపములార్పి, టెర్మినళ్లు చూచి, పెట్రోలు నింపుకొనవలెను. కేబుళ్లు తగిలించుట తెలియనివారు మెకానిక్కును పిలువవలెను. బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను వాయువు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. దారిలో వాహనమాగినచో ఎవరిని నిందింతునా అని వెదకక, ఏది లోపించినదని వెదకవలెను. గమ్యము చేరినపుడు నాలుగు హేతువులను నడిపిన అయిదవదానిని స్మరించి నమస్కరింపవలెను. శ్రియఃపతియైన శ్రీనివాసుడు అందరికిని ఇట్టి వివేకమును ప్రసాదించుగాక!