పాతాళపు తాళపుచెవులు

ధ్యాన భాగములు: ప్రకటన 1:17, 18, 1 కొరింథీయులకు 15వ అధ్యాయము



మన బైబిలులో పాతాళము అను మాట పలుమారు కనబడుచున్నది. ఆ మాట వినగానే మన పల్లెలలో పలువురికి పురాణములలోని బలిచక్రవర్తి లోకము తలంపునకు వచ్చును. అయితే క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడెను. అందులో ఈ మాట యున్న పెక్కుచోట్ల గ్రీకు పదము ‘హేడెస్’. అది మొదట గ్రీకులు పూజించిన యొక దేవుని పేరు. పౌలు సువార్త ప్రకటించిన ఏథెన్సులోను కొరింథులోను ఆ పేరెరుగనివారు లేరు. దానినిగూర్చి వారేమి చెప్పుకొనిరో తెలిసికొనినయెడల, మన ప్రభువు చేతనున్న తాళపుచెవుల విలువ మనకు మరి బాగుగా బోధపడును.

ముగ్గురు అన్నదమ్ములు లోకమును చీట్లువేసి పంచుకొనిరని గ్రీకుల కథ. ఆకాశము జ్యూసునకు వచ్చెను. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయములో మనము ద్యుపతి యని చదువునది ఇతని పేరే. సముద్రము పొసైదోనునకు వచ్చెను. భూమిక్రింది చీకటిదేశము హేడెసునకు వచ్చెను. తరువాత ఆ దేశమునకే అతని పేరు నిలిచెను. గ్రీసు దేశపు దక్షిణపు కొనను తైనరోను అనుచోట ఒక గుహ కలదు. అదే ఆ లోకమునకు వాకిలియని చెప్పుకొనిరి.

చనిపోయినవాడు అక్కడికి చేరుటకు ఒక నది దాటవలెను. ఖారోను అను ముసలి పడవవాడు దాటించును గాని రేవుకూలి ఇయ్యనిదే ఎక్కించుకొనడు. అందుచేత శవము నోట చిన్న నాణెముంచి పాతిపెట్టుట వారిలో వాడుక. పురాతన సమాధులను త్రవ్వినప్పుడు అట్టి నాణెములు దొరకినవి. ఆవలిగట్టున కెర్బెరు అను మూడు తలల కుక్క కాచుకొనియుండును. లోనికి వచ్చువారికి తోక ఊపును. బయటికి పోజూచువారిని మ్రింగివేయును. హేడెసును చేత తాళపుచెవితో చూపుటయు గలదు.

అచ్చటి బ్రదుకెట్టిదో వారి కవి హోమరు చెప్పియున్నాడు. అకిలీసు వారిలో మహావీరుడు. మృతుల లోకములో అతనిని చూచిన స్నేహితుడు, ఇచ్చటను నీవు దొరవేగదా యని ఓదార్చబోయెను. అకిలీసు ఒప్పుకొనలేదు. చచ్చినవారందరికి రాజగుటకంటె, భూమిమీద నిరుపేద రైతునొద్ద కూలివానిగా నుండుటయే తనకు మేలనెను. ఎండలో కలుపుతీయు మన కూలివాని బ్రదుకును ఆ మహావీరుడు కోరుకొనెను. మరణమునుగూర్చి వారికున్న నిరీక్షణ అంతమాత్రమే.

కొరింథు పట్టణస్థులకు తమదైన యొక కథ కలదు. ఆ ఊరి పూర్వపు రాజు సిసిఫు గొప్ప తంత్రగాడు. మరణమునే మోసగించి సంకెళ్లు వేసెనని చెప్పుదురు. అయినను కడకు దిగిపోక తప్పలేదు. అతనికి విధింపబడిన శిక్ష యేమనగా, ఒక పెద్దరాతిని కొండమీదికి దొర్లించవలెను. శిఖరము చేరుసరికి అది మరల క్రిందికి దొర్లిపడును. అతడు మరల మొదలుపెట్టవలెను. దానికి అంతము లేదు.

ఏథెన్సులోని అరేయొపగు కొండ సంగతి ఇంకను వినదగినది. అరేయొపగు అనగా యుద్ధదేవుడైన అరేసు కొండ. క్రీస్తునకు పూర్వము 458లో ఐస్కులు అను కవి వ్రాసిన నాటకములో ఆ కొండమీదనే ఒక హత్యానేరపు విచారణ జరుగును. ఆ సభలో అపొల్లో దేవుడు నిలిచి, నరుని రక్తమును దుమ్ము త్రాగివేసిన పిమ్మట అతనికి మరల లేచుట లేదని పలుకును. మరణమునకు మందు తన తండ్రి జ్యూసు కూడ చేయలేదని యొప్పుకొనును. అక్కడ ఆ కవి ‘లేచుట’కు వాడిన గ్రీకు పదమే, క్రొత్త నిబంధనలో పునరుత్థానమునకు వాడబడిన పదము.

అది గడచిన రమారమి 500 ఏండ్లకు, క్రీస్తుశకము 50 ప్రాంతమున, పౌలు ఆ అరేయొపగు నడుమ నిలిచెను. మృతులలోనుండి లేచిన యొకనిగూర్చి సాక్ష్యమిచ్చెను. కొందరు అపహాస్యము చేసిరి. చిన్ననాటినుండి తమ నాటకములలో వినినదానికి అది విరుద్ధము గనుక ఆశ్చర్యము లేదు. అయినను దియొనూసియు, దమరి అను స్త్రీయు, మరికొందరును నమ్మిరి.

పిమ్మట పౌలు సిసిఫు ఊరికే పోయి ఏడాదిన్నర అక్కడ కాపురముండెను. తరువాత ఆ సంఘమునకే పునరుత్థాన అధ్యాయమును వ్రాసి పంపెను. ప్రియులారా, ఆ రెండు రాళ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. సిసిఫు రాయి నేటికిని దొర్లుచునే యున్నదని కథ. యెరూషలేము తోటలోని రాయి ఒక్కసారి దొర్లింపబడెను. అది మరల ఆ వాకిట పడలేదు. గ్రీకు దీవియైన పత్మాసులో యోహాను చూచినది ఈ ప్రభువునే. తాళపుచెవి హేడెసు చేతిలో లేదు. మృతుడై సజీవుడైన యేసు చేతిలో నున్నది.

ఇది మన ఇండ్లకు సంబంధించిన మాట. మొదటిది, దుఃఖమునుగూర్చి. బిడ్డను పోగొట్టుకొనిన తల్లితో, “విశ్వాసివి, ఏడ్వకూడదమ్మా” అని మనలో కొందరు చెప్పుట మేము విన్నాము. పౌలు అట్లు చెప్పలేదు. థెస్సలొనీకలోని గ్రీకు విశ్వాసులకు అతడు వ్రాసినదేమి? నిరీక్షణలేని యితరులవలె దుఃఖపడవద్దనెను. ఆ యితరులు ఎవరో ఇప్పుడు మనకు తెలిసినది గదా. లాజరు సమాధియొద్ద ప్రభువే కన్నీరు విడిచెను. గనుక ఆ తల్లిని ఏడ్వనీయుడి. ప్రక్కన కూర్చుండి, వాకిలి తెరచువాడు ఉన్నాడని మెల్లగా చెప్పుడి.

రెండవది, రేవుకూలినిగూర్చి. మన పల్లెలలోను శవము నుదుట రూపాయి బిళ్ళ పెట్టుట కలదు. విశ్వాసులమైన మనము దానిని మానియుండవచ్చును. అయితే ఆదరణ కూటము భోజనములు ఘనముగా పెట్టకపోయినయెడల పోయినవానికి గౌరవము తక్కువయని భయపడి, వడ్డీకి అప్పుతెచ్చు కుటుంబములు లేవా? విధవరాలు రెండు పంటలు ఆ అప్పు తీర్చుచు, పిల్లలను బడి మాన్పించుట ఎవరికి మహిమ? పోయినవాని నిమిత్తము చెల్లవలసినదంతయు సిలువమీద చెల్లినది. సంఘపెద్దలారా, ఆ యింటివారు అడుగకమునుపే మీరు పోయి, పాటయు ప్రార్థనయు వాక్యమును చాలునని వారితో చెప్పుడి. పొరుగువారు వండి తెచ్చిన అన్నమే ఆ దినము అందరికిని విందు.

ఈస్టరు వేకువను మనము సమాధులతోటకు పోయి, సున్నము వేసిన సమాధులయొద్ద క్రొవ్వొత్తులు వెలిగించుదుము. అక్కడ మన తండ్రులును, మన పసివారును నిద్రించుచున్నారు. వారిలో ఒక్కరిని పేరు మరువక పిలుచువాడు వచ్చుచున్నాడు. ఆయన వచ్చువరకు దేవుని ఆదరణ మీ ప్రతి యింటను నిలుచును గాక. ఆమేన్.