పోయిన కుక్క వెల

2021 ఫిబ్రవరి 24 రాత్రి అమెరికాలోని హాలీవుడ్‌లో ఒక మనిషి మూడు కుక్కలను వీధిలో తిప్పుతున్నాడు. అవి ఆయన సొంత కుక్కలు కావు. లేడీ గాగా అనే పేరున్న గాయనివి. వాటిని చూసుకోవడం ఆయన పని. కారులో వచ్చిన దొంగలు ఆయన్ని ఛాతీ మీద కాల్చి రెండు కుక్కలను ఎత్తుకుపోయారు. మూడోది తప్పించుకుని పరుగెత్తింది, కాసేపటికి నెత్తుటిలో పడి ఉన్న ఆయన దగ్గరికే తిరిగి వచ్చింది. ఆయన బతికాడు. కుక్కలను తెచ్చి ఇచ్చినవారికి 5 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. అప్పటి లెక్కన మూడున్నర కోట్ల రూపాయల పైమాటే. రెండు రోజుల్లో కుక్కలు దొరికాయి. కాల్చినవాడికి 2022 డిసెంబరులో 21 ఏళ్ల జైలు పడింది.

అవి ఎవరి కుక్కలో దొంగలకు తెలియదని పోలీసులు చెప్పారు. దొంగలు చూసింది జాతిని. ఫ్రెంచ్ బుల్‌డాగ్ కనబడింది, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వేల డాలర్లు పలుకుతుంది, అంతే. అంటే ఆ రాత్రి వాళ్లు ఎత్తుకుపోయింది కుక్కనా, కుక్క మీద ఉన్న ధరనా? ఇది తమాషా ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, కాసేపు దీని వెంట నడిస్తే మన గూడేల దాకా వస్తుంది.

ముందు ఆ ధర ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఫ్రెంచ్ బుల్‌డాగ్ వేటాడలేదు. ఎండలో పరుగెత్తితే ఊపిరి ఆడదు, ఎందుకంటే ముక్కు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. తల పెద్దది, నడుము సన్నం, అందుకని సొంతంగా ఈనడమూ కష్టమే. ఇంగ్లండులో చేసిన ఒక పరిశీలనలో ఈ జాతి కుక్కల కాన్పులు పదింట ఎనిమిది కడుపు కోసి చేసినవేనని తేలింది. కడుపు కోయాలంటే డాక్టరు కావాలి, డాక్టరుకు డబ్బు కావాలి, ఒక ఈతలో పుట్టే పిల్లలూ తక్కువే. ఆ ఖర్చంతా పిల్ల ధరలో కలుస్తుంది. ధర పెరిగేకొద్దీ దాన్ని పట్టుకుని తిరగడం గొప్ప అవుతుంది. గొప్ప అయ్యేకొద్దీ అడిగేవాళ్లు పెరుగుతారు. 2022లో అమెరికా కెన్నెల్ క్లబ్ రిజిస్టరులో 31 ఏళ్లుగా మొదటి స్థానంలో ఉన్న లాబ్రడార్‌ను దాటి ఇదే మొదటికి వచ్చింది. పైగా చిన్నది, చంకలో పెట్టుకుని పోవచ్చు. దొంగకు ఇంతకంటే ఏం కావాలి?

మన దగ్గరా ఇదే జరిగింది. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక పిల్లవాడి వెనకాల నడిచిన పగ్ కుక్క గుర్తుండే ఉంటుంది. దాని అసలు పేరు తెలియనివాళ్లు కూడా 'హచ్ కుక్క' కావాలని అడిగారు. అదీ ముక్కు నొక్కుకుపోయిన కుక్కే. ఆ ప్రకటన రాక ముందు రోజు, వచ్చిన తర్వాత రోజు ఆ కుక్కలో మార్పేమీ లేదు. మారింది చూసేవాళ్ల కళ్లు. ఇప్పుడు మంచు దేశపు హస్కీని హైదరాబాదు ఎండలో ఏసీ గదిలో పెట్టి పెంచుతున్నారు. మన కుర్రవాళ్లు సెల్‌ఫోన్లో ఆ రీల్స్ చూసి "అన్నా, ఎంతుంటదిరా అది?" అని ఒకరినొకరు అడుగుతుంటారు. ఏం తింటుంది, ఏం పని చేస్తుంది అని అడగరు. ధర ఒక్కటే అడుగుతారు.

ధరకు ఇంకొక కాలు కూడా ఉంది. అది కాగితం. తండ్రి ఎవరు, తాత ఎవరు, ముత్తాత ఎవరు అని రాసి ఇచ్చే వంశపత్రం. ఆ కాగితం ఉంటే ఒక ధర, లేకపోతే ఇంకొకటి. ఇలాంటి లెక్క రాయడానికి లండనులో కెన్నెల్ క్లబ్ పెట్టింది 1873లో. జాతి శుద్ధంగా ఉండాలి, బయటి రక్తం కలవకూడదు, పుట్టుకతోనే గుణం వస్తుంది అన్న నమ్మకం దాని వెనక ఉంది. సరిగ్గా దానికి రెండేళ్ల ముందు, 1871లో, అదే ఇంగ్లీషు పాలకులు మన దేశంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. ఫలానా జాతులవాళ్లు పుట్టుకతోనే దొంగలు అని రిజిస్టరులో పేర్లు రాశారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మన ఎరుకల సోదరులను సెటిల్‌మెంట్లలో పెట్టి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించారు. స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. ఆ చట్టం 1952లో రద్దయింది గానీ, ఆ మాట ఇంకా కొందరి నోట్లో నుంచి పోలేదు.

రెండు రిజిస్టర్లూ ఒకే కాలపు బుర్రలోంచి వచ్చాయి. ఒకటి కుక్కను పుట్టుకతో గొప్పదాన్ని చేసింది, రెండోది మనిషిని పుట్టుకతో దొంగను చేసింది. తెలుగులో మనం 'జాతి కుక్క' అని మెచ్చుకోలుగా అంటాం, 'దొంగ జాతి' అని తిట్టుగా అంటాం. మాట ఒక్కటే. ఆదివాసీ పిల్లలకు పాఠం చెప్పేవాళ్లం ఈ మాటను పలికేటప్పుడు ఒక్క క్షణం ఆగాలి.

ఇప్పుడు కొండల మీదికి వెళ్దాం. మన కొండలు కావు, టిబెట్ కొండలు. అక్కడ జడలబర్రెలను, గొర్రెలను మేపుకునే సంచార పశుపాలకులకు పెద్ద జూలుతో ఉండే కాపలా కుక్క ఒకటుంది. బయటివాళ్లు దాన్ని టిబెటన్ మాస్టిఫ్ అంటారు. తోడేళ్ల నుంచి మందను కాయడం దాని పని. తరతరాలుగా దాన్ని పెంచినవాళ్లకు అది పనిలో తోడు. తర్వాత చైనా నగరాల్లో డబ్బు పెరిగింది, ఆ కుక్క హోదాకు గుర్తయింది. 2014లో ఒక మాస్టిఫ్ కోటీ 20 లక్షల యువాన్లకు అమ్ముడుపోయిందని పత్రికలు రాశాయి. మన డబ్బులో సుమారు 12 కోట్లు. కొన్ని అమ్మకాలు ధర పెంచడానికి పెంపకందార్లే ఆడిన నాటకాలన్న మాటా వినిపించింది. నిజమో నాటకమో గానీ, ఆ అంకె కొండ ఎక్కింది. అంకె వెనకాలే కొనేవాళ్లు ఎక్కారు, కొనేవాళ్ల వెనకాల దొంగలు ఎక్కారు.

టిబెటన్ దర్శకుడు పెమా త్సెదెన్ 2011లో తీసిన 'ఓల్డ్ డాగ్' అనే సినిమా దీని గురించే. ఒక ముసలి పశుపాలకుడు, ఆయన కొడుకు, వాళ్ల ముసలి కుక్క. చుట్టుపక్కల కుక్కలను దొంగలు ఎత్తుకుపోతున్నారు. ఎలాగూ పోయేదే కదా, పోకముందే నాలుగు డబ్బులు చేసుకుందాం అని కొడుకు దాన్ని పట్నంలో వ్యాపారికి అమ్మేస్తాడు. తండ్రి వెళ్లి వెనక్కి తెచ్చుకుంటాడు. వ్యాపారి మళ్లీ వస్తాడు, ఎక్కువ ఇస్తానంటాడు. దొంగలూ వస్తారు. చివరికి ఆ ముసలాయన తన కుక్కను తన చేతులతోనే చంపుకుంటాడు.

ఆయన చేసింది సరైనదని మనం అనలేం. కుక్క ఏం పాపం చేసింది? దాని ప్రాణం ఆయన పరువుకు సొమ్మా? ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. కానీ కొడుకు మాటను ఇంకా జాగ్రత్తగా వినాలి. "ఎలాగూ పోయేదే కదా, అమ్మేద్దాం." ఇది మనకు కొత్త మాటా? ఏజెన్సీలో భూమి గురించి ఈ మాట వినని గూడెం ఉందా? షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల పేరున భూమి మారకుండా 1970లో 1/70 నిబంధన వచ్చినా, రోడ్డు పక్క చెక్కను బినామీ పేరుతో రాసివ్వమని అడిగేవాడు చెప్పేది ఇదే మాట. నువ్వు ఇవ్వకపోతే ఎవడో ఒకడు లాక్కుంటాడు, నేనైతే డబ్బులిస్తాను. దొంగ భయం చూపించి కొనేవాడు పని కానిస్తాడు. ధర ఊళ్లోకి వచ్చాక మిగిలేవి రెండే దారులన్నట్టు మాట్లాడతారు: అమ్ముకో, లేదంటే పోగొట్టుకో. అమ్మకుండా కాపాడుకోవడం అనే మూడో దారి లెక్కలోకే రాదు. సినిమాలో ముసలాయనకు ఆ దారి ఎవరూ చూపించలేదు. అసలు విషాదం అక్కడ ఉంది.

ఆ తర్వాత కథ కూడా తెలుసుకోవాలి. మోజు తీరింది. కొన్నేళ్లలోనే ధర కూలింది. పెంపకందార్లు తిండి పెట్టలేక కుక్కలను వదిలేశారు. టిబెట్ పీఠభూమి మీద అవి గుంపులుగా తిరిగి మందల మీద, మనుషుల మీద పడ్డాయి. మందను కాచిన కుక్కే మందకు శత్రువైంది. కొన్నవాళ్లకు పోయింది డబ్బు. పశుపాలకులకు పోయింది కాపలా.

జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో ఒక తేడా చెప్పాడు. దేనికి బదులుగా ఇంకొకటి పెట్టగలమో దానికి ధర ఉంటుంది, దేనికి బదులు లేదో దానికి గౌరవం ఉంటుంది అన్నాడు. జంతువులను ఆయన ధర ఉన్న వస్తువుల వైపే పెట్టాడు. అక్కడ మనం ఆయనతో ఏకీభవించనక్కర్లేదు. ఆయన పరీక్షనే కుక్కకు పెట్టి చూద్దాం. ఆ గాయనికి అదే జాతి, అదే రంగు, అదే ధర ఉన్న వేరే రెండు కుక్కలను ఇస్తే సరిపెట్టుకునేదా? లేదు కాబట్టే కుక్కల ఖరీదుకు ఎన్నో రెట్లు ఇస్తానంది. ధనవంతుల ఇంటి కుక్క గురించి వాళ్లు పడే బాధను మనం ఎగతాళి చేయనక్కర్లేదు. పెంచినవాళ్ల చేతిలో ఉన్నంతసేపు ఏ కుక్కకూ ధర లేదు. అమ్మేవాడి చేతిలో, దొంగ చేతిలో మాత్రమే ఉంది.

మన గూడేల్లో కుక్కను నెత్తిన పెట్టుకుంటామని చెబితే అబద్ధమవుతుంది. మిగిలిన గంజి పోస్తాం, అడ్డం వస్తే రాయి విసురుతాం, ముసలిదైతే పట్టించుకోం. అయినా రాత్రి పోడు చేలో మంచె కింద పడుకుని అడవి పంది అలికిడికి మొదట లేచేది అదే. దానికి వంశపత్రం లేదు, ధర లేదు. కాబట్టి దొంగా లేడు. ధర లేకపోవడమే దానికి రక్షణ. అదే సమయంలో ధర లేకపోవడమే దానికి చట్టంలో దిక్కులేనితనం.

చట్టం ఏమంటుందో చూడండి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 428వ సెక్షన్‌లో జంతువును చంపడం నేరం కావాలంటే దాని విలువ పది రూపాయలైనా ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఆ రూపాయల లెక్క తీసేసింది. ఏ జంతువును చంపినా, విషం పెట్టినా, కుంటిని చేసినా అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఇది మంచి మార్పు. కానీ దొంగతనం దగ్గర రూపాయల లెక్క ఉంది. పోయినదాని విలువ 5,000 రూపాయల లోపుండి, దొంగకు అది మొదటి నేరమై, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. అలాంటి చిన్న కేసులో మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. హస్కీ పోతే పెద్ద కేసు, మన నల్లకుక్క పోతే చిన్న కేసు.

ఇంగ్లండులో ఇదే చిక్కు మీద చాలా చర్చ జరిగింది. 1968 నాటి దొంగతనాల చట్టంలో కుక్కా వస్తువే, సైకిలూ వస్తువే. కరోనా లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్న జనం కుక్కపిల్లల కోసం ఎగబడ్డారు, ధరలు ఎగిరాయి, దొంగతనాల మీద గోల పెరిగింది. 2020లో సుమారు 2,000 కుక్కల దొంగతనాలు పోలీసుల దృష్టికి వచ్చాయని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. చివరకు 2024లో పెంపుడు జంతువుల అపహరణ చట్టం చేశారు. కుక్కను గాని పిల్లిని గాని ఎత్తుకుపోతే అయిదేళ్ల వరకు జైలు. ఆ నేరానికి దాని ధర ఎంత అన్న ప్రశ్నతో పని లేదు. వంశపత్రం ఉన్నదీ లేనిదీ ఒక్కటే.

ఈ సంగతులు చెప్పి మా ఎనిమిదో తరగతి పిల్లలతో లేఖారచన చేయించాం. మీ ఇంటి కుక్కను ఎవరో ఎత్తుకుపోయారు, ఎస్సైగారికి ఫిర్యాదు రాయండి, అందులో 'పోయినదాని విలువ' అని ఒక వరుస తప్పకుండా ఉండాలి అన్నాం. కొందరు 500 అని రాశారు, సంతలో మేకపిల్ల ధరతో పోల్చుకుని. ఒకడు "మూడు సంవత్సరాల కాపలా" అని రాశాడు. ఒకడు ఆ వరుస వదిలేశాడు. వెనక బల్ల మీద కూర్చునే ఒక అమ్మాయి ఆరు వేలు అని రాసింది. అంత ఎలా వచ్చింది అని అడిగితే, "అయిదు వేల లోపైతే వెంటనే పట్టించుకోరని మీరే చెప్పారుగా సార్, అందుకే ఆరు రాశా" అంది.

అది అబద్ధం అన్నారు కొందరు. కుక్కకు ధరే లేనప్పుడు ఏ అంకె రాసినా అబద్ధమే కదా, 500 మాత్రం నిజమా అన్నారు మిగతావాళ్లు. గంట కొట్టినా ఆ వాదన తెగలేదు. భోజనం బంతిలో కూడా పళ్లేలు పట్టుకుని అదే మాట్లాడుకున్నారు.