రెండు నురగలు

సిడ్నీలోని టూంగాబీలో ఒక ఇంటి పెరట్లో చిన్న గుంట ఉంది. చుట్టూ రాళ్ళు, ఓ మూల తుంగ, అడుగున నాచు. ఆ ఇంటి పిల్లవాడికి అదే పెద్ద చెరువు.

నవంబరులో గుంటూరు వైపు నుంచి వాళ్ళ నాన్నమ్మ వచ్చింది. మనకి చలి మొదలయ్యే వేళకి సిడ్నీలో ఎండలు ముదురుతాయి. నలభై ఏళ్ళు మిరపచేను చూసుకున్న మనిషి, ఊరికే కూర్చోలేకపోయింది. గుంట పక్కనే రెండు చాళ్ళు తీసి బెండ, వంగ, గోంగూర వేసింది. గట్టు మీద కుండీల్లో తులసి, పుదీనా, నిమ్మగడ్డి పెట్టింది. చాళ్ళ చివర బంతి నాటింది.

"ఇన్ని వాసనల మధ్య పురుక్కి మన మొక్క ఎక్కడుందో తెలీదు నాన్నా. బంతి సంగతి వేరు. శనగపచ్చ పురుగు ముందు దాని మీదే గుడ్లు పెడుతుంది. ఆ పూలు కోసి పారేస్తే సరి" అని మనవడికి చెప్పింది.

ఒకరోజు తుంగ మొదట్లో తెల్లటి నురగ తేలుతూ కనిపించింది. ఎవరో సబ్బునీళ్ళు పోశారనుకుని పుల్లతో తీయబోయింది.

"నాన్నమ్మా, తీయకు! కప్ప గుడ్లవి!"

ఆ ప్రాంతంలో ఒంటి మీద చారలుండే ఒక కప్ప ఉంది. నీటిని చిలికి నురగ చేసి, అందులో గుడ్లు దాచుకుంటుంది. రాత్రిళ్ళు అది 'టక్... టక్' మంటుంటే ఎవరో బంతిని బ్యాటుతో కొడుతున్నట్టే ఉంటుంది. కొన్నాళ్ళకి గుంట నిండా తోకకప్పలు ఈదాయి.

ఇంతలో బెండకి పేనుబంక పట్టింది. నాన్నమ్మ తనకు తెలిసిన పనే చేసింది. వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి వడకట్టింది. అందులో వేపనూనె పోసింది. నూనె నీళ్ళలో కలవాలి కాబట్టి కుంకుడు రసం చిక్కగా తీసి కలిపింది. అన్నీ తినేవో, తలకి రుద్దుకునేవో. వీటిలో విషమేముంది? సాయంత్రం ఆకులు తడిసేలా కొట్టి, మిగిలిన అర బకెట్టు చాళ్ళలోనే వంపేసింది. ఆ రాత్రి పెద్ద వాన కురిసింది.

తెల్లవారగానే పిల్లవాడు సంబరంగా అరిచాడు. "నాన్నమ్మా, ఇంకో కప్ప గుడ్లు పెట్టింది! నిన్నటికంటే చాలా నురగ!"

ఆమె వచ్చి చూసింది. అది కుంకుడు నురగ. దాని కింద తోకకప్పలు పొట్టలు పైకి తేలి ఉన్నాయి.

వాగుల్లో కాయలు దంచి పోస్తే చేపలు తేలడం ఆమె చిన్నప్పుడు చూసిందే. కుంకుడులో నురగనిచ్చే గుణమే మొప్పల్ని పాడుచేస్తుంది. ఊళ్ళో ఆమె ఏళ్ళ తరబడి ఇదే రసం కొట్టింది, ఏ ప్రాణికీ హాని జరగలేదు. అక్కడ చేనుకీ చెరువుకీ మధ్య అరమైలు దూరం ఉండేది. ఇక్కడ బెండ మొదలు నుంచి నీటికి రెండు జానలే. ఆ మాట మనవడికి ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు వాడి పక్కనే కూర్చుంది. చివరికి, "నేనే చేశాను నాన్నా" అంది.

పది రోజులయ్యేసరికి గుంటలో దోమ పిల్లలు లుకలుకలాడాయి. ఆ నీళ్ళలో వాటికి అడ్డొచ్చే ప్రాణి ఒక్కటీ మిగల్లేదు. ఆమె రోజుకి రెండు బకెట్ల చొప్పున పాత నీళ్ళు తోడి దూరంగా గడ్డిలో పోసి, పట్టి ఉంచిన వాననీళ్ళు నింపింది. బెండని గోడ అవతలికి మార్చింది. పేనుబంకని వేళ్ళతో నలిపేసింది. కొన్నాళ్ళకి అక్షింతల పురుగులు వచ్చి ఆ పని అందుకున్నాయి.

వాగు నుంచి తోకకప్పలు తెద్దామని పిల్లవాడు సీసా పట్టుకొచ్చాడు. ఆమె వద్దంది. కప్పల్ని చంపే బూజుతెగులొకటి ఒక నీటి నుంచి ఇంకో నీటికి అలాగే పాకుతుందని పక్కింటాయన ఆమెకు చెప్పాడు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి 'టక్' మని వినిపించింది. మర్నాడు నాన్నమ్మ కుండీలకి నీళ్ళు పోయడానికి చుట్టూ తిరిగి అవతలి గట్టు నుంచి వచ్చింది.

నీతి: మందు మంచిదేనా అని అడిగితే చాలదు, అది పారి ఎవరి నోట్లో పడుతుందో కూడా చూడాలి.

చెట్టు నుంచి వచ్చిందల్లా మెత్తనిది కాదు. లవంగనూనెతో చేపలకు మత్తిస్తారు, మోతాదు మించితే అవి మళ్ళీ లేవవు. చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రమ్ పురుగుతోపాటు చేపనీ చంపుతుంది. తులసి, నిమ్మగడ్డి నిలబడి ఉన్నంతసేపు వదిలే వాసన కొంచెమే, ఆకుని నలిపితే కాస్త ఎక్కువ. దోమలన్నిటినీ తరమడానికి అది చాలదు, నిజమే. కానీ ఆ కొంచెం నీటిలోని ప్రాణికి హాని చేయదు. అందుకే గట్టు మీద మొక్కని ఉండనివ్వాలి, నూరిన రసాన్ని గట్టు దాటి రానివ్వకూడదు.

గుంట లేనివాళ్ళకీ ఈ మాట వర్తిస్తుంది. టూంగాబీ వీధుల వాననీళ్ళు టూంగాబీ వాగులోకి పోతాయి. ఆ వాగు డార్లింగ్ మిల్స్ వాగుతో కలిసిన చోటే పారమట్టా నది మొదలవుతుంది.