పంపకం తరువాతి ధర్మం

ఒకే పాలన కింద ఉండి విడిపోయిన పొరుగు రాజ్యాలు ఒకదానికొకటి ఏమి బాకీ ఉంటాయన్నది మన రాజనీతీ, ధర్మశాస్త్రమూ వేర్వేరుగా తేల్చిన ప్రశ్న. కౌటిల్యుడి మండల సిద్ధాంతంలో సరిహద్దును ఆనుకున్న రాజు సహజ శత్రువు. సంధి బలాబలాల లెక్క. శాంతిపర్వంలో భీష్ముడు చెప్పిన కథ ఆ లెక్కను ఇంకాస్త దగ్గరగా చూపిస్తుంది. లోమశమనే పిల్లి వలలో చిక్కుతుంది. ముంగిసకూ గుడ్లగూబకూ మధ్య ఇరుక్కున్న పలితమనే ఎలుక దానితో పొత్తు కలిపి, పిల్లి ఒడిలో చేరి ప్రాణం దక్కించుకుంటుంది. వల తాళ్ళను మాత్రం నెమ్మదిగా కొరుకుతూ, వేటగాడు కనబడ్డాకే ఆఖరి తాడు తెంపుతుంది. ఆపద తీరాక పిల్లి ఎంత బతిమాలినా కలుగు వదిలి రాదు. అవసరంతో పుట్టిన పొత్తు అవసరంతోనే పోయింది.

యాజ్ఞవల్క్య స్మృతి వేరే మాట చెబుతుంది. తల్లిదండ్రుల తరువాత కొడుకులు ఆస్తితో పాటు అప్పునూ సమంగా పంచుకోవాలి. వంటలు వేరు పడినంత మాత్రాన కలిసి ఉన్నప్పుడు పడిన ఋణం చెరిగిపోదు. విడిపోయిన రాష్ట్రాలకు వర్తించేది ఈ ధర్మమే.

పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రం ఇందుకు సాక్ష్యం. ఎన్టీపీసీ అక్కడ 500 మెగావాట్ల యూనిట్లు రెండింటిని 2002లో నడిపింది. బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనులది, చల్లబరిచే నీరు బంగాళాఖాతానిది, కరెంటంతా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. 2014 విభజనలో వాడకం లెక్కన తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం వచ్చాయి. పొగగొట్టాలూ బూడిద చెరువూ పరవాడ ముంగిట మిగిలాయి; ఆ మొదటి దశ కరెంటులో సగానికి మించి తెలంగాణ పేర రాశారు. దీన్ని అన్యాయమనడం తొందరపాటే. పన్నెండేళ్ళ పాటు ఆ కేంద్రం ఖర్చును బిల్లుల్లో భరించింది శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న వినియోగదారులంతా. తెలంగాణ హక్కు అక్కడ పుట్టింది, బాధ్యత కూడా అక్కడే పుట్టింది. మెగావాట్లకు నిష్పత్తి రాసినవారు, బూడిద పక్కన బతికే ఊళ్ళ బాకీకి ఏ నిష్పత్తీ రాయలేదు. ఇక రెండు రాష్ట్రాల జెన్‌కోల మధ్య కరెంటు సరఫరా బకాయిల తగాదాతో 2017లోనే ఆగిపోయింది.

పరవాడ పొరుగునే ఉన్న విశాఖ ఉక్కు కర్మాగారానికి సాయపడిన సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో 15 దేశాలుగా విడిపోయింది. అక్కడి కథా ఇదే. కలిసి ఉన్నప్పుడు కిర్గిజ్‌స్థాన్‌లోని తోక్తోగుల్ జలాశయం వేసవిలో దిగువన ఉజ్బెక్, కజఖ్ చేలకు నీరు వదిలేది. చలికాలానికి ఆ వైపు నుంచి బొగ్గు, గ్యాసు వచ్చేవి. విడిపోయాక ఇంధనానికి వెల కట్టారు, నీటికి కట్టలేదు. దాంతో కిర్గిజ్‌స్థాన్ చలికాలంలోనే నీరు వదిలి కరెంటు తీసుకోసాగింది. వేసవిలో దిగువ చేలకు కొరత వచ్చింది. 1998 ఒప్పందం పాత మార్పిడిని మళ్ళీ కాగితం మీదికి తెచ్చినా ఏటేటా బేరం తప్పలేదు.

రక్షణ ఒప్పందాలూ ఈ బాకీని తీర్చలేవు. 1992లో తాష్కెంట్‌లో కుదిరిన ఉమ్మడి భద్రతా ఒప్పందంలో కిర్గిజ్‌స్థాన్, తజికిస్థాన్ రెండూ ఉన్నాయి. అయినా 2021 ఏప్రిల్‌లో సరిహద్దులోని ఒక నీటి పంపిణీ కేంద్రం దగ్గర కెమెరాలు బిగించడంపై మొదలైన గొడవ, పదుల సంఖ్యలో ప్రాణాలు తీసిన పోరుగా మారింది. 2023 నవంబరు చివర నాగార్జునసాగర్‌లోనూ ఆంధ్ర, తెలంగాణ పోలీసులు ఎదురెదురు నిలిచారు. ఆంధ్ర పోలీసులు 26 గేట్లలో 13 తమ అధీనంలోకి తీసుకుని డ్యామ్ మీద ముళ్ళకంచె వేశారు. ఇక్కడ ఇద్దరికీ పైన కేంద్రం ఉంది గనుక సీఆర్‌పీఎఫ్ వచ్చి మధ్య నిలబడింది. మధ్య ఆసియాలో అలా నిలబడే పెద్ద ఎవరూ లేరు.

2024 జులై 6న హైదరాబాద్ ప్రజాభవన్‌లో ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుని, మిగిలిన పంపకాల కోసం మంత్రులతో, అధికారులతో కమిటీలు వేయాలని నిర్ణయించారు. ఆ కమిటీల ముందుకు పరవాడ బూడిద చెరువు కూడా రావాలి.